ముడి వేసిన సద్దిగుడ్డ

పోయిన ఎండాకాలం మా మనవడు సెలవు మీద ఇంటికి వచ్చాడు. వాడు ఎస్సై ట్రైనింగులో ఉన్నాడు. నెత్తిన జుట్టు లేదు, బుగ్గలు లోపలికి పోయాయి, చేతులు మాత్రం గట్టిపడ్డాయి. సజ్జరొట్టెలు, గోంగూర వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. తింటూ తింటూ ట్రైనింగు కబుర్లు ఎత్తుకున్నాడు.

"అవ్వా, మన ఏరియా గురించి క్లాసులో పాఠం చెప్పినారు తెలుసా?" అన్నాడు సంబరంగా. "కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలోనంట. నల్లమల అంచు ఊళ్ళోళ్ళు అడవిలో దాక్కున్నోళ్ళకి అన్నం మూటలు కట్టి చెట్లకు తగిలించేటోళ్ళంట. గుర్తుకు గుడ్డ కొసలకు ముళ్ళు గూడా వేసేటోళ్ళంట. పోలీసులు ఆ మూటలు ఆపించేసరికి ఒక్క ఎండాకాలంలో అడవంతా క్లీన్ అయిపాయెనంట. సక్సెస్ అంటే అదీ అని చెప్పినాడు మా సారు."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని వాడి నెత్తిన వేయకుండా గిన్నెలో పెట్టడానికి నాకు చాలా ఓపిక కావలసి వచ్చింది. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ పూట వచ్చిన కోపం ఇంటి కోపం కాదు. అది అన్నేళ్ళూ దాచి పెట్టుకున్నది.

"ఆ మూటలు కట్టింది నేను" అన్నాను.

వాడు నవ్వాడు. ముసలిది తమాషా చేస్తోంది అనుకున్నట్టున్నాడు. నేను నవ్వకపోయేసరికి రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

మాది దర్శి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలోనే నా పెళ్ళయింది. ఎనిమిదో తరగతి చదివి, అంతకంటే ఎక్కువ నోరు వేసుకుని, గిద్దలూరుకు పడమట కొండ కిందనే ఉన్న ఒక ఊరికి కోడలిగా వచ్చాను. అప్పట్లో ఆ ఊళ్ళన్నీ కర్నూలు జిల్లాలోవి. నేను "వచ్చాడు, పోయాడు" అంటే మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "మా కోడలు దర్శి నుంచి వచ్చింది, దానికి మన మాట రాదు" అని వీధి వీధికీ చెప్పేది. ఆమె మాట నాకు వచ్చింది గాని, నా మాట కూడా పోలేదు. రెండూ కలిపి మాట్లాడేదాన్ని, ఇప్పటికీ అంతే.

మా అత్తగారిది సేద్యం ఇల్లు. మెట్ట భూములు, వానకు ఎదురుచూపులు, కొట్టం నిండా పశువులు. ఎండలు ముదిరాయంటే ఊరి చుట్టూ గడ్డిపోచ ఉండేది కాదు. అందుకని పంటలు ఇంటికి చేరగానే మగవాళ్ళు మందల్ని తోలుకుని కనుమ దాటి నల్లమల ఎక్కేవాళ్ళు. వెలిగండ్ల నుంచి, హనుమంతునిపాడు నుంచి వచ్చే మందలు కూడా మా ఊరి మీదుగానే అడవెక్కేవి. అడవి శాఖకు పుల్లరి కట్టి, రసీదు మొల్లో దోపుకుని, లోపల వాగుల్లో చెలమలు తవ్వుకుని, ఆకుల పాకలు వేసుకుని, తొలకరి దాకా అక్కడే ఉండేవాళ్ళు. పెళ్ళయిన మొదటి ఎండాకాలమే మా ఆయన మందతో వెళ్ళిపోయాడు. కొత్త పెళ్ళికూతురిని వదిలి ఎట్లా పోతాడో చూద్దామనుకున్నాను. నన్ను చూసి సిగ్గుపడుతూ నవ్వి, కర్ర భుజాన వేసుకుని పోయాడు. ముందు గంట కట్టిన కర్రావు, దాని వెనక మంద, దాని వెనక ఆయన.

అడవిలో పాలకు, నెయ్యికి కొదవ లేదు. గింజలే ఉండవు. అందుకు మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. కనుమ మొదట్లో పెద్ద మద్దిచెట్టు ఒకటుంది. ఆడవాళ్ళం జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు, కొర్రబియ్యం, ఉప్పు, ఎండుమిరప కారం పాత చీర గుడ్డలో మూటగట్టి, చీమ పట్టకుండా ఆ చెట్టు కొమ్మలకు కట్టి వచ్చేవాళ్ళం. వీలు చూసుకుని లోపలి నుంచి ఎవరో ఒకరు దిగివచ్చి మూట తీసుకుని, కిందటిసారి గుడ్డను అక్కడే కట్టి పోయేవాళ్ళు. ఎవరి గుడ్డ ఎవరిదో రంగును బట్టి తెలిసిపోయేది. ఒక్కోసారి గుడ్డలో నెయ్యి బుర్ర కూడా ఉండేది. నాకైతే ఒకసారి జున్ను పంపాడు మా ఆయన. ఎండకు పాడై కంపు కొట్టింది. అయినా తిన్నాను.

ఈ పద్ధతిలో ఇంకొక సంగతి ఉంది. ఆకలి మీద ఉన్నవాడు ఎవడైనా ఆ చెట్టు కిందికి వస్తే, ఎవరి మూటైనా విప్పి తినవచ్చు. వేరే ఊరి కాపరి కావచ్చు, తేనెకు వచ్చిన చెంచు కావచ్చు, కనుమ దాటి నంద్యాల వైపు నడిచిపోయే బాటసారి కావచ్చు. తిన్నవాడు ఆ గుడ్డ కొసకు ఒక ముడి వేసి పోవాలి. అంతే. మీ మూట మీ మనిషికి అందలేదమ్మా, ఇంకొకటి తెచ్చి కట్టండి అని చెప్పడం అది. మేము మర్నాడే ఇంకో మూట తీసుకుపోయేవాళ్ళం.

మొదటిసారి నా గుడ్డకు ముడి కనపడగానే నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే లేచి పొయ్యి ముందు కూర్చుని నా మొగుడి కోసం కాల్చిన రొట్టెలు. "ఎవరు తిన్నారత్తా?" అని గట్టిగా అడిగాను.

మా అత్త చుట్టూ చూసి నా నోరు మూసినంత పని చేసింది. "అడగగూడదు మ్మే. ఆకలైనోడు తిన్యాడు. ఈ పొద్దు నువ్వు పేరడిగితే రేపు నీ మొగుడు మంది మూట ముట్టుకోల్యాక కడుపు మాడ్సుకుంటాడు. అర్థమాయెనా?"

అర్థమైంది. ఆ తర్వాత నేను ఎప్పుడూ అడగలేదు. మా ఊళ్ళో ఎవరూ అడగరు.

మా మామ సంగతి చెప్పాలి. ఆయన పాత మిల్ట్రీ మనిషి. తెల్లవాళ్ళ సైన్యంలో బర్మా యుద్ధానికి పోయి వచ్చాడు. కంచరగాడిదల మీద తిండీ తూటాలూ మోసే కంపెనీలో హవల్దారు. ఊళ్ళో అందరూ "మిల్ట్రీమామ" అనేవాళ్ళు. సత్తు మగ్గులో టీ తాగేవాడు. సంతకు పోతే ఖాకీ కోటు తొడిగి, దాని మీద పతకాలు పెట్టుకునేవాడు. గిద్దలూరు రైలుస్టేషన్లో ఖాకీ బట్టలు ఎవరు కనపడినా, గార్డు కనపడినా, సెల్యూట్ కొట్టేవాడు. మా అత్త నెత్తి కొట్టుకునేది.

సాయంత్రం పూట ఆయన బర్మా కబుర్లు చెబితే నేను పని వదిలేసి వినేదాన్ని. కోడలు మామ ముందు కూర్చోకూడదంటారు కాబట్టి గడప ఇవతల కూర్చునేదాన్ని. ఆయన ఎక్కువసార్లు చెప్పిన కథ ఒకటే. కొండ మీద వీళ్ళ దండు ముందుకు పోయి దిగింది. ఎక్కడ దిగిందో వెనకనున్న ఫిరంగులవాళ్ళకు కబురు అందలేదు. ఆ ఫిరంగి గుళ్ళు వీళ్ళ మీదనే పడ్డాయి. ఆయన పక్కన నిలబడ్డ స్నేహితుడు అక్కడే పోయాడు. "శత్రువు గుండుకు సస్తే ఏడ్సొచ్చు అమ్మా. మనోళ్ళ గుండుకు సస్తే ఎట్ల ఏడ్సాల? అందుకే ముందుగాల మనం యాడుండామో మనోళ్ళకి చెప్పాల. అది చెప్పినోడు బతుకుతాడు" అనేవాడు. ఆయన యుద్ధం మొత్తంలో నేర్చుకున్నది ఆ ఒక్కటే అనిపిస్తుంది నాకు. అదే మా కొంప ముంచింది.

నా పెళ్ళయిన రెండో ఎండాకాలం పోలీసు క్యాంపు వచ్చింది. ఊరి బయట డేరాలు వేశారు. తెలంగాణ వైపు పోరాటం అయిపోయిందని అప్పటికే చెప్పుకుంటున్నారు. అయినా కొందరు తుపాకులు దించకుండా కృష్ణ దాటి నల్లమలలోకి వచ్చారని వీళ్ళకు అనుమానం. వచ్చారేమో, నాకు తెలియదు. మా వాళ్ళెవరూ చూసినట్టు చెప్పలేదు. క్యాంపులోని మనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళకు మా మాట తెలియదు, మా కనుమ తెలియదు. మందలు అడవికి ఎందుకు పోతాయో కూడా తెలియదు. అడిగి తెలుసుకుందామని ఒక్కడికీ తోచలేదు.

వాళ్ళు మద్దిచెట్టును చూశారు. కొమ్మ కొమ్మకూ మూటలు, కొన్ని గుడ్డలకు ముళ్ళు. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నారు. మూటలన్నీ కోసి క్యాంపుకు పట్టుకుపోయి, ఊళ్ళో ఆడవాళ్ళనందరినీ పిలిపించారు. మేము ఎండలో నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు డేరా నీడలో కుర్చీలో కూర్చున్నాడు. చదువుకున్నవాడే. నా గుడ్డ ఎత్తి పట్టుకుని ఎవరిదని అడిగాడు. నాదేనని చెప్పాను. దాచడానికి ఏముందని?

"ఎవరికి కట్టావు?"

"మా ఆయనకండీ. మందతో పోయాడు."

"ఈ ముడి ఏమిటి?"

"ఆయనకు అందలేదని. వేరే ఎవరో తిన్నారని."

"ఎవరు?"

"తెలియదండీ. ఆకలైనవాళ్ళు."

"తెలియనివాళ్ళకు అన్నం పెడతావా?" అని పక్కనున్న వాళ్ళ వైపు చూసి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. నేను అబద్ధం ఒకటి చెప్పి ఉంటే, పక్క ఊరి కాపరి పేరు ఒకటి చెప్పి ఉంటే, నవ్వేవాడు కాదు. నిజం చెప్పాను కాబట్టి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు కాలుతుంది.

ఇక మూటలు కట్టకూడదన్నారు. మద్దిచెట్టు దగ్గర కాపలా పెట్టారు. ఎవరైనా అన్నం పట్టుకుని కనుమ వైపు నడిస్తే కాలుస్తామన్నారు. ఆ పూట నేను రొట్టెలు కాల్చి, వాటిని ఏం చేయాలో తెలియక ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఆకలితో ఆ చెట్టు దగ్గరికి వస్తాడు. అక్కడ మూట ఉండదు, తుపాకి ఉంటుంది. ఈ సంగతి ఆయనకు చెప్పే దారి లేదు. ఆ రొట్టెల ముందే ఏడ్చాను.

నా ఏడుపు చూడలేక మా మామ లేచాడు. కోటు తొడిగాడు, పతకాలు పెట్టుకున్నాడు. "వాళ్ళకి తెలియక చేస్తాండారు. యూనిఫారం మనిషికి యూనిఫారం మనిషి చెప్తే అర్థమైతాది" అన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. క్యాంపులో నన్ను దూరంగా నిలబెట్టి, తను ఇన్‌స్పెక్టరు ముందుకు పోయి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. పతకాలు చూసి పేరు పేరునా అడిగాడు. మా మామ ముఖం వెలిగిపోయింది. చేతికర్రతో నేల మీద గీతలు గీసి చూపించడం మొదలుపెట్టాడు. ఏ వాగు దగ్గర ఏ చెలమ ఉంది, ఏ చెలమ దగ్గర మా ఊరి మంద దిగింది, వెలిగండ్ల వాళ్ళు ఏ గుట్ట చాటున ఉన్నారు, అక్కడికి ఏ దారిన పోతే దగ్గర. ఒక్కటీ దాచలేదు. ఇన్‌స్పెక్టరు పక్కనున్నవాడు అన్నీ రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఆయన నడకే మారింది. "మనోళ్ళు యాడుండారో చెప్పేసినా అమ్మా. ఇంక మనోళ్ళ మీదికి గుండు రాదు" అన్నాడు. నేనూ నమ్మాను. ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలిగింది.

ఆ దండును ఆయన మనవాళ్ళు అనుకున్నాడు. బర్మాలో తెల్లవాడి ఫిరంగినే మనవాళ్ళది అనుకున్న మనిషి, మన రాష్ట్రం వచ్చాక మన పోలీసును ఏమనుకోవాలి? వాళ్ళకు మాత్రం ఆయన మనవాడు కాడు. టీ పోసి నోరు విప్పించదగ్గ మనిషి, అంతే.

నాలుగు పొద్దులు తిరగకముందే కొండ మీద పొగ లేచింది. ఒక చోట కాదు, చాలా చోట్ల. మా మామ గీసిన చోటల్లా లేచింది. వీధిలో నిలబడి అందరం చూశాం.  మధ్యాహ్నానికి కనుమలోంచి పశువులు దిగడం మొదలైంది. వాటి వెనక మనుషులు లేరు. గంట కట్టిన కర్రావు తోక కాలి, నురుగు కక్కుతూ నేరుగా మా కొట్టంలోకి వచ్చి నిలబడింది. మా అత్త దాని మెడ పట్టుకుని, "నా కొడుకేడే?" అని దాన్ని అడిగింది. 

పాకలన్నీ కాల్చేశారు. అది చాలదన్నట్టు, దొంగలకు నీళ్ళు దొరకకూడదని చెలమలన్నిటినీ రాళ్ళతో పూడ్చేశారు. దొంగలు ఆ నీళ్ళు తాగేవాళ్ళో లేదో గాని, పశువులు తాగేవి. దిగివచ్చినవి సగం. మిగిలినవి వాగుల్లో మూతులు పెట్టుకుని పడి చచ్చాయని తర్వాత చెంచులు చెప్పారు. వానలు పడ్డాక మా వాళ్ళు వెతకబోతే ఎముకలు కనపడ్డాయి. క్లీన్ అయిపోయిందని మనవడు చెప్పిన అడవి ఇదే.

కాపరుల్ని తాళ్ళతో కట్టి దించారు. అందులో మా ఆయన ఉన్నాడు. ఆయన దగ్గర ముడి వేసిన గుడ్డలు దొరికాయట. దొరకవా మరి? అవి నా చీర గుడ్డలు. కొత్త మూటతో పాటు ముడి ఉన్న పాత గుడ్డను కూడా చెట్టు మీది నుంచి తెచ్చుకుని, నా వాసన ఉందని తలకింద పెట్టుకుని పడుకునేవాడినని తర్వాత నాకు చెప్పాడు. అవే సాక్ష్యమయ్యాయి. ఎవరికి అన్నం మోశావు, ఎవరు ముడి వేశారు, పేర్లు చెప్పు అని అడిగారు. ఆయన ఏం చెబుతాడు? మా ఊళ్ళో ఎవరూ అడగరు కదా.

పుల్లరి రసీదు చూపించాడట. దాన్ని చించి పారేశారట.

మా మామ కోటు వేసుకుని క్యాంపు ముందు నిలబడ్డాడు. లోపలికి రానివ్వలేదు. అక్కడే, ఎండలోనే, చేతులు పక్కలకు ఆనించి, గడ్డం ఎత్తి, కవాతులో నిలబడినట్టు నిలబడ్డాడు. రోజూ పోయి నిలబడేవాడు. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ తిరిగేవాడు. ఒక్కసారి కూడా ఆయన వైపు చూడలేదు. కుర్చీ వేయించిన మనిషే, టీ పోయించిన మనిషే. నేను కొంచెం దూరంలో అత్తతో కలిసి నేల మీద కూర్చునేదాన్ని. డేరాల లోపలి నుంచి అరుపులు వినపడేవి. ఏ అరుపు మా ఆయనదో నాకు తెలిసేది. పెళ్ళయి ఏడాది దాటిందేమో, ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. అక్కడే విన్నాను.

తొలకరికి ముందు క్యాంపు ఎత్తేశారు. ఒక్క తుపాకి దొరకలేదు. దొరికినట్టు మాకెవరూ చెప్పలేదు. పోతూ పోతూ కాపరుల్ని వదిలేశారు. తప్పయిందని ఎవరూ అనలేదు, ఎందుకు పట్టుకున్నామో, ఎందుకు వదిలామో కూడా చెప్పలేదు. మా ఆయన నడిచి ఇంటికి వచ్చాడు. ఎడమ చెవిలోంచి కారి ఎండిన నెత్తురు మెడ దాకా ఉంది. నేను తడిగుడ్డతో తుడుస్తూ, "నొప్పిగా ఉందా?" అని అడిగాను. పలకలేదు. ముందుకు వచ్చి అడిగితే తలూపాడు. ఆ చెవి మళ్ళీ వినపడలేదు.

ఆ మర్నాడు చూసిన దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు, మా అత్తకు కూడా. మా ఆయన అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎడమ పక్కన. తల వంచుకుని, "నా నోటితోనే చెప్పినాను రా. నేనే దారి చూపించినాను. నిన్ను నేనే పట్టిచ్చినాను నాయనా" అన్నాడు. తలుపు చాటున నాకు స్పష్టంగా వినపడింది. మా ఆయనకు వినపడలేదు. కాసేపటికి పక్కన మనిషి ఉన్నట్టు తోచి తిరిగి చూశాడు.

"ఏంది నాయనా?" అన్నాడు.

"ఏం లేదులే" అని మా మామ లేచిపోయాడు. రెండోసారి చెప్పే బలం ఆయనకు లేకపోయింది. కావాలనే ఆ పక్కన కూర్చున్నాడో, చెవి సంగతి ఇంకా తెలియకనో, ఇప్పటికీ నాకు తేలలేదు. బర్మాలో నెత్తిన ఫిరంగి గుళ్ళు పడినా బతికి వచ్చిన మనిషిని ఆ స్థితికి తెచ్చినవాళ్ళను నేను క్షమించలేదు. క్షమించను కూడా.

మద్దిచెట్టుకు మళ్ళీ ఎవరూ మూట కట్టలేదు. తర్వాతి ఏడు వెలిగండ్ల మందలు వేరే దారిన పోయాయి. కాపరులు గింజలు మోసుకుని పోయి దాచుకుని తినడం మొదలుపెట్టారు. ఆకలితో వచ్చిన పరాయివాడిని పాక దగ్గరికి రానివ్వడం మానేశారు. పేరడగని ఊళ్ళో అందరూ పేర్లు అడగడం నేర్చుకున్నారు.

ఆ తర్వాత నిజంగానే తుపాకుల మనుషులు వచ్చారు. పట్టపగలు వీధిలో నడిచి, బావి దగ్గర నీళ్ళు తాగి, బియ్యం పెట్టమని అడిగి తీసుకుని పోయారు. ఊరంతా చూసింది. నేనూ చూశాను. ఏ దారిన పోయారో కూడా చూశాను. ఆ వెనకే కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈయన వేరే రకం. చెప్పులు వాకిట్లో విడిచి మా అరుగు మీద కూర్చున్నాడు. మా అత్తను అమ్మా అన్నాడు. కిందటి క్యాంపు వాళ్ళు చేసింది తప్పేనని తన నోటితో అన్నాడు. చెడ్డవాడు కాదు. ఇప్పుడైనా సాయం చేయమని మా మామను బతిమాలాడు.

మా మామ లోపలికి పోయి కోటు తొడుక్కుని వచ్చాడు. పతకాలు పెట్టుకున్నాడు. నిటారుగా నిలబడి, బర్మాలో ఎట్లా కొట్టాడో అట్లాగే సెల్యూట్ కొట్టాడు.

"నాకేమీ తెలీదు సార్" అన్నాడు.

ఆఫీసరుకు ఒక్కనాడూ అబద్ధం చెప్పని మనిషి. ఆ ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది. మజ్జిగ తాగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయనను చూస్తే నాకు జాలి వేసింది. మొదటివాడు సంపాదించి పెట్టి పోయినదాన్ని ఈయన అనుభవించాడు.

తర్వాత్తర్వాత నేను దొరికిన యుద్ధం పుస్తకాలన్నీ చదివాను. మార్కాపురంలో మా అబ్బాయి ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడి లైబ్రరీలో యుద్ధాల బీరువా నాదే. లైబ్రరీ ఆయన నవ్వుకునేవాడు, ఈ పెద్దమ్మకు ఈ పిచ్చేంటని. మలయాలో తెల్లవాళ్ళు అడవిలోని తుపాకులవాళ్ళకు గింజ అందకుండా ఊళ్ళకు ఊళ్ళే ముళ్ళకంచెల్లో పెట్టి బియ్యం కొలిచి ఇచ్చారు. వియత్నాంలో అమెరికావాళ్ళు అదే చేయబోయి మట్టికరిచారు. చదివినప్పుడల్లా నాకు తోచేది ఒకటే. వాళ్ళందరికీ తుపాకులున్నాయి, పటాలున్నాయి, గెలిచామని చెప్పుకోవడానికి కాగితాలున్నాయి. ఆ కంచె లోపల ఎవరి మొగుడు ఎవరి అన్నం తిన్నాడో ఆ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. గెలిచినవాళ్ళు గెలుపును రాసుకుంటారు సరే, మా కొట్టం ఖాళీ అయిన సంగతి ఎవరు రాయాలి? అడవి నిశ్శబ్దమైపోయిందంటారు. నిశ్శబ్దమైంది అడవి కాదు, మేము.

ఇదంతా మనవడికి ఆ పూట చెప్పాను. గిన్నెలో గోంగూర ఎండిపోయింది. వాడు చేయి కడుక్కోకుండా విన్నాడు.

"మీ తాతకు ఎడమ చెవి ఎందుకు వినపడదో ఎప్పుడన్నా అడిగినావురా?" అన్నాను.

 చిన్నప్పుడు వాడు ఎప్పుడూ తాతకు కుడి పక్కనే కూర్చునేవాడు. ఎడమ పక్క కూర్చుంటే తాత కథ మధ్యలో ఆపేస్తాడని వాడికి తెలుసు. ఎందుకో తెలియదు. ముసలితనం అనుకున్నాడట. తాత పోయేనాటికి వీడు కాలేజీలో ఉన్నాడు. అప్పుడు కూడా కుడి చెవిలోనే పిలిచాడు.

"మీ సారుకు ఈ మాట చెప్పు" అన్నాను.

"చెప్తాలే అవ్వా" అన్నాడు. తలవంచుకుని అన్నాడు.

సెలవు అయిపోయి పోయేటప్పుడు దారిలోకి రొట్టెలు కట్టి ఇచ్చాను. వాడు ప్లాస్టిక్ డబ్బా అడిగాడు, నేను గుడ్డలోనే కట్టాను. వెళ్ళిన కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడాక నేనే అడిగాను.

"చెప్పినావా?"

 "మళ్ళా అదే పాఠం వచ్చింది అవ్వా. పరీక్షలో గూడా అడిగినారు. వాళ్ళు చెప్పినట్టే రాసినా. లేచి చెప్తే నా ట్రైనింగు ఏమైతాదో నీకు తెలియదు" అన్నాడు.

వాడిని తిట్టలేదు. వాడి ఉద్యోగం వాడిది. అడక్కుండానే నోరు విప్పిన పాపానికి మా ఇంట్లో ఒకరు ఎంత అనుభవించారో వాడికి నేనే చెప్పాను, పైగా లేచి చెప్పమని ఎట్లా అడిగేది? ఫోన్ పెట్టేశాను. తర్వాత కాగితాలు తెచ్చుకున్నాను. నాకు పోవడానికి ఉద్యోగం లేదు, రాయాల్సిన పరీక్షా లేదు.

ఆ చెట్టు దగ్గర ముళ్ళు వేసినవాళ్ళలో తుపాకి ఉన్నవాడు ఒకడైనా ఉన్నాడేమో. నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ మూటలు కట్టింది మాత్రం నేనే. కట్టింది నా మొగుడి కోసం.